ఉరుముల వాన పడుతుందంటున్నారు, ఓపెన్ గ్రౌండ్‌లో రాక్ షో: వెళ్ళాలా, మానాలా?

మిగతావాళ్ళకీ అర్థమయ్యేలా మీ ప్రశ్న ముందు క్లుప్తంగా చెప్తాను. మీది హిందూపురం, బెంగళూరులో కొత్తగా ఉద్యోగంలో చేరారు. ఈ మే నెలలో ప్యాలెస్ గ్రౌండ్స్‌లో జరిగే రాక్ షోకి మీకూ మీ చెల్లెలికీ టికెట్లు కొన్నారు. ఇద్దరికీ ఇదే మొదటి ఆరుబయటి షో. ఆ సాయంత్రం ఉరుములతో వాన అని వాతావరణ శాఖ అంటోంది. అమ్మగారు వద్దంటున్నారు. వెళ్ళొచ్చా, ఏం తీసుకెళ్ళాలి, షో ఆగిపోతే డబ్బులు తిరిగొస్తాయా అని అడిగారు.

వెళ్ళండి. అయితే వాన గురించి పడుతున్న టెన్షన్ అంతా పిడుగు, గాలి, కరెంటు, జనం మీదకి మళ్ళించండి. వాన తడుపుతుంది, మహా అయితే మర్నాడు జలుబు చేస్తుంది. ప్రాణాల మీదకి తెచ్చేవి ఆ నాలుగు. నేను చాలా ఏళ్ళు ఇదే ఊళ్ళో స్టేజీ పక్కన సౌండ్ పని చేశాను. ఇప్పుడు టికెట్ కొనుక్కుని జనంలో నిలబడుతున్నాను. రెండు వైపుల నుంచీ చూసినవాడిగా చెప్తున్నాను, కాస్త పొడుగైనా చదవండి.

బెంగళూరులో మే నెల వానకి ఒక పద్ధతి ఉంది. మధ్యాహ్నం దాకా ఎండ మాడ్చేస్తుంది. మూడు, నాలుగు గంటలకి మబ్బు కమ్ముతుంది. తర్వాత ఈదురుగాలి, ఉరుములు, ఒక్కోసారి వడగళ్ళు, గంటా రెండు గంటలు కుండపోత. అంటే సరిగ్గా గేట్లు తెరిచి జనాన్ని లోపలికి వదిలే వేళకే వాన మొదలవుతుందన్నమాట. మంచి విషయం ఏమిటంటే, ఇలాంటి వాన చాలాసార్లు ఏడు, ఎనిమిది గంటలకల్లా వెలిసిపోతుంది. అందుకే పొద్దున ఫోన్‌లో వాన బొమ్మ చూసి నిర్ణయం తీసుకోకండి. మధ్యాహ్నం రెండు తర్వాత వాతావరణ శాఖ ఇచ్చే మూడు గంటల హెచ్చరిక చూడండి. పసుపు అయితే సిద్ధమై వెళ్ళండి. నారింజ అయితే కాస్త ఆలస్యంగా, మొదటి వాన పోయాక బయల్దేరండి. ఎరుపు అయితే టికెట్ ఎంత పెట్టి కొన్నా సరే, ఇంట్లో ఉండండి. దీనికి 'మౌసమ్' యాప్ ఉంది. పిడుగుల కోసం 'దామిని' యాప్ ఉంది. పుణెలోని ఉష్ణమండల వాతావరణ సంస్థ తయారుచేసింది, మీరున్న చోటికి ఎంత దూరంలో పిడుగులు పడుతున్నాయో చూపిస్తుంది. బెంగళూరులో ఏ పేటలో ఎంత వాన పడుతోందో చూడటానికి 'బెంగళూరు మేఘసందేశ' అని ఇంకోటి ఉంది. మూడూ ముందు రోజే ఇంట్లో వైఫై ఉన్నప్పుడు వేసుకోండి. గ్రౌండ్‌లో వేలమంది ఫోన్లు ఒకేసారి పనిచేస్తుంటే నెట్ అందదు.

నెట్ అందనప్పుడు మీ కళ్ళూ చెవులే యాప్. మెరుపు కనపడగానే లెక్కపెట్టడం మొదలెట్టండి. శబ్దం ఒక కిలోమీటరు రావడానికి దాదాపు మూడు సెకన్లు పడుతుంది. ముప్ఫై లెక్కపెట్టేలోపు ఉరుము వినపడితే పిడుగు మీకు పది కిలోమీటర్ల లోపు ఉన్నట్టే. ఆ దూరం నుంచి తర్వాతి పిడుగు మీ నెత్తిన పడగలదు. అప్పుడు పైన వాన ఉందా లేదా అన్నది లెక్కలోకి రాదు. మొదటి చినుకు పడకముందే పిడుగు పడి మనుషులు పోయిన సంఘటనలు మన రాయలసీమ పొలాల్లో ఏటా వింటూనే ఉన్నాం. చివరి ఉరుము విన్నాక అరగంట దాకా ఆరుబయటకి రాకూడదు. జర్మనీలో రాక్ ఆమ్ రింగ్ అని పెద్ద రాక్ ఉత్సవం జరుగుతుంది. 2016లో అక్కడ పిడుగు పడి 70 మందికి పైగా గాయపడ్డారు, చివరి రోజు షోలు రద్దు చేశారు. అంత అనుభవమున్నవాళ్ళకే అలా జరిగింది.

అలాంటప్పుడు ఎక్కడికి పోవాలి? ప్యాలెస్ గ్రౌండ్స్‌లో చెట్లు బాగా ఉంటాయి, జనం పరిగెత్తేది కూడా వాటి కిందికే. అది అన్నిటికన్నా చెడ్డ చోటు. పిడుగు సంగతి అలా ఉంచండి, మే గాలికి ఈ ఊళ్ళో కొమ్మలు విరగడం, చెట్లు కూలడం మామూలు. తిండి స్టాళ్ళ షామియానాలు, టెంట్లు పిడుగు నుంచి కాపాడవు. గోడలూ కప్పూ ఉన్న పక్కా కట్టడం ఏదైనా పనికొస్తుంది. అది లేకపోతే పార్కింగ్‌లో అద్దాలు ఎత్తిన కారు. టైర్ల రబ్బరు కాపాడుతుందని చాలామంది అనుకుంటారు. కాపాడేది చుట్టూ ఉన్న ఇనుప తొడుగు, కరెంటు దాని మీదుగా నేలలోకి పోతుంది. లోపలికి వెళ్ళగానే ఇద్దరూ గ్రౌండ్ చుట్టూ ఒకసారి నడిచి అలాంటి చోటు ఎక్కడుందో, మీరు వచ్చిన గేటు కాకుండా ఇంకో గేటు ఎక్కడుందో చూసుకోండి. వెలుతురు ఉండగానే చూడాలి. చీకటి పడి వాన మొదలయ్యాక వెతకలేరు.

ఇక గాలి. దీని గురించి ప్రేక్షకులకి ఎవరూ చెప్పరు. స్టేజీ అంటే ట్రస్ అనే అల్యూమినియం చట్రం మీద వేలాడే లైట్లు, స్పీకర్ల వరుసలు, ఎల్‌ఈడీ తెరలు. అన్నీ కలిపితే టన్నుల బరువు. ఆ తెరలూ పైకప్పు గుడ్డా గాలికి ఓడ తెరచాపలాగా పనిచేస్తాయి. 2011 ఆగస్టు 13న అమెరికాలో ఇండియానా స్టేట్ ఫెయిర్‌లో షుగర్‌ల్యాండ్ అనే బృందం స్టేజీ ఎక్కే ముందు గాలి దెబ్బకి పైకప్పు చట్రం మొత్తం ముందున్న జనం మీద కూలింది. ఏడుగురు చనిపోయారు. అదే నెలలో బెల్జియంలో పుకెల్‌పాప్ ఉత్సవంలో తుఫానుకి ఐదుగురు పోయారు. అందుకే ఈదురుగాలి రాగానే పనివాళ్ళు స్పీకర్ల వరుసలు కిందికి దించుతారు, తెరలు విప్పుతారు, స్టేజీ ముందు నుంచి జనాన్ని వెనక్కి పంపుతారు. దయచేసి అప్పుడు అరవకండి, ఈలలు వేయకండి. వెనక్కి జరగండి అని మైకులో వినపడితే మొదటి నిమిషంలోనే కదలండి. ఎవరూ చెప్పకపోయినా గాలికి తెర ఊగుతున్నట్టో, పైకప్పు గుడ్డ టపటపా కొట్టుకుంటున్నట్టో కనపడితే స్టేజీ నుంచీ, గ్రౌండ్ మధ్యలో నిలబెట్టే స్పీకర్ టవర్ల నుంచీ దూరంగా వచ్చేయండి. టవర్ ఎంత ఎత్తుంటే కనీసం అంతకి మించి దూరం ఉండాలి.

వాన పడుతున్నప్పుడు స్టేజీ మీద ఏం జరుగుతుందో కాస్త చెప్తాను. తెలిస్తే ఓపిక వస్తుంది. ఏటవాలు జల్లు మొదలవగానే గిటారిస్టుల కాళ్ళ దగ్గర ఉండే పెడల్స్, ముందున్న మానిటర్ స్పీకర్లు, కీబోర్డులు అన్నీ ప్లాస్టిక్ కప్పి వెనక్కి లాగుతారు. గ్రౌండ్ మధ్యలో టెంటు కింద సౌండ్ కన్సోల్, అంటే శబ్దాలన్నీ కలిపి సరిచేసే మీటల బల్ల, ఉంటుంది. దాని మీద చుక్క పడకుండా ఇద్దరు ముగ్గురు టార్పాలిన్ పట్టుకుని నిలబడతారు. ఎక్కడో ఒక కనెక్టర్‌లోకి నీళ్ళు పోతే కరెంటు లీకై సేఫ్టీ బ్రేకర్ పడిపోతుంది, సౌండ్ ఒక్కసారిగా ఆగిపోతుంది. జనం గోల చేస్తారు. కానీ ఆ బ్రేకర్ పడకపోతే తడిసిన స్టేజీ మీద ఇనుప మైకు పట్టుకుని పాడే మనిషికి షాక్ కొడుతుంది. నీళ్ళు పోయిన చోటు వెతికి, తుడిచి, ఎర్తింగ్ మళ్ళీ చూసుకుని, ఒక్కో లైను తిరిగి ఆన్ చేయాలి. దానికి పట్టే అరగంట ఆ కుర్రాళ్ళకి చాలా కష్టమైన అరగంట. తిరిగి సౌండ్ వచ్చాక వాళ్ళ కోసం ఒకసారి చప్పట్లు కొట్టండి. స్టేజీ వెనక ఉన్నవాళ్ళకి ఆ చప్పుడు ఎంత బలమో నాకు తెలుసు.

ఆలస్యమైతే ఆ టైము చివర్లో కలుస్తుందని ఆశ పెట్టుకోకండి. 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం రాత్రి పది నుంచి ఉదయం ఆరు దాకా ఆరుబయట లౌడ్‌స్పీకర్లు వాడకూడదు. పండగల్లాంటి సందర్భాల్లో ప్రభుత్వం ఏడాదికి పదిహేను రోజులకి మించకుండా అర్ధరాత్రి దాకా సడలించొచ్చు, అంతే. కాబట్టి వాన గంట తినేస్తే ఆ గంట పాటలు పోయినట్టే. ముందు ఆడాల్సిన చిన్న బృందాలకే ఎక్కువ నష్టం జరుగుతుంది, అది నాకు నిజంగా బాధగా ఉంటుంది.

కరెంటు విషయంలో మీరు చేయాల్సింది ఒక్కటే: తడిగా ఉన్నప్పుడు జనరేటర్ వైపు, నేల మీద పరిచిన లావు కేబుళ్ళ వైపు, లైటు స్తంభాల వైపు వెళ్ళకండి. తిండి స్టాల్‌లో వైర్లు బురదలో పడి ఉంటే ఆ స్టాల్ దగ్గర ఏమీ కొనకండి.

జనం గురించి. 2025 జూన్ 4న చిన్నస్వామి స్టేడియం బయట 11 మంది ఎలా పోయారో ఈ ఊరు మర్చిపోలేదు. అక్కడ ప్రాణాలు తీసింది గేట్ల దగ్గర తోపులాటే. ఇక వాన తోడైతే అందరికీ ఒకే క్షణంలో ఒకే ఆలోచన వస్తుంది: గేటు వైపు పరుగు. మీరు ఆ మొదటి పరుగులో ఉండకండి. పిడుగు దగ్గరగా లేకపోతే పోంచో (తల మీంచి వేసుకునే వదులు రెయిన్‌కోటు) వేసుకుని పక్కన నిలబడి ఒత్తిడి తగ్గాక కదలండి. మధ్యలో చిక్కుకుంటే రెండు చేతులూ మడిచి ఛాతీ ముందు పెట్టుకుని ఊపిరి ఆడేంత చోటు ఉంచుకోండి. ఎదురు తోయకండి. జనం ఊగి ఆగిన ప్రతిసారీ ఏటవాలుగా అంచు వైపు కదలండి. కింద ఏదైనా పడితే వంగి తీసుకోకండి, అది ఫోన్ అయినా సరే.

మొదటిసారి కాబట్టి బారికేడ్ దగ్గర నిలబడాలని మీ చెల్లెలికి ఉంటుంది. వాన సూచన ఉన్న రోజు మాత్రం వద్దనే చెప్తాను. కన్సోల్ టెంటుకి కాస్త పక్కగా, వెనక నిలబడండి. సౌండ్ కలిపేవాడు ఆ చోటు నుంచి వింటూనే కలుపుతాడు కాబట్టి గ్రౌండ్ మొత్తంలో బాగా వినిపించేది కూడా అక్కడే. స్టేజీ ముందు జనం ఒకరినొకరు గుద్దుకుంటూ గెంతే చోటుని మోష్ పిట్ అంటారు, అక్కడ బురద ఉంటే జారిపడటం ఖాయం. మెటల్ అనే హోరు రాక్ సంగీతం అభిమానుల్లో ఒక మంచి అలవాటు ఉంది, ఎవరు పడినా చుట్టూ ఉన్న నలుగురు వెంటనే లేపుతారు. ఆ మనుషుల మీద నాకు చాలా నమ్మకం. అయినా మొదటి షోకి దూరం నుంచి చూడటమే మంచిది. చెవుల్లో పెట్టుకునే ఫోమ్ ప్లగ్‌లు తప్పకుండా తీసుకెళ్ళండి. షోల్లో సగటు శబ్దం 100 డెసిబెల్స్ దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో చెప్పింది, స్పీకర్ల ముందు అది సులువుగా దాటిపోతుంది.

బట్టలు. జీన్స్ వద్దు. తడిస్తే బరువెక్కి, రాత్రంతా ఆరక చలి పుట్టిస్తుంది. త్వరగా ఆరే పాలిస్టర్ ప్యాంటు, టీషర్టు వేసుకోండి, ఒక పొడి టీషర్టూ జత సాక్సులూ ప్లాస్టిక్ కవర్లో చుట్టి పెట్టుకోండి. మే నెల కదా చలేముంటుంది అనుకోకండి. బెంగళూరులో వాన వెలిశాక రాత్రి ఇరవై డిగ్రీల దగ్గరికి దిగుతుంది, తడి బట్టల మీద గాలి తగిలితే వణుకు వస్తుంది. గొడుగు గేటు దగ్గరే ఆపేస్తారు, ఆపకపోయినా వెనకవాళ్ళకి అడ్డం. కాబట్టి పోంచో. గేటు బయట అమ్మే పల్చటి ప్లాస్టిక్‌వి గాలికి చిరిగిపోతాయి. కొంచెం డబ్బు పెట్టి డెకాత్లాన్‌లాంటి చోట మందపాటిది కొంటే ఏళ్ళ తరబడి పనికొస్తుంది. బ్యాగు మీద కూడా కప్పుకునేంత వెడల్పుది చూడండి. పాత స్పోర్ట్స్ షూస్, అడుగున గాట్లు అరగనివి వేసుకోండి. ఇక్కడి ఎర్రమట్టి తడిస్తే నూనె పోసినంత జారుడు. చెప్పులతో వస్తే తొక్కిసలాటలో ఒకటి పోతుంది, రెండోది ఉండీ లాభం లేదు.

ఫోన్‌ని జిప్ కవర్లో పెట్టండి. టికెట్ క్యూఆర్ స్క్రీన్‌షాట్ ఇద్దరి ఫోన్లలోనూ ఉంచుకోండి. స్క్రీన్ తడిస్తే వేలు పనిచేయదు, యూపీఐ పిన్ కొట్టలేరు. అందుకే కొంచెం నగదు దగ్గర పెట్టుకోండి. ఛార్జింగ్ రంధ్రంలో తడి ఉండగా ఛార్జర్ గుచ్చకండి. విడిపోతే ఎక్కడ కలవాలో ఫోన్ లేకుండానే తెలిసేలా ముందే మాట్లాడుకోండి, ఫలానా గేటు ఎడమ పక్క అని.

ఇంటికి చేరడం గురించి షో కన్నా ఎక్కువ ఆలోచించండి. ప్యాలెస్ గ్రౌండ్స్‌కి ఆనుకుని మెట్రో స్టేషన్ లేదు. షో వదిలిన వెంటనే మేఖ్రీ సర్కిల్ వైపు బండి కదలదు, క్యాబ్ ధర రెండింతలు మూడింతలవుతుంది. చివరి పాట ముందే బయటపడమని నేను చెప్పను, ఆ పాట కోసమే కదా వెళ్ళింది. అయిపోయాక అరగంట నీళ్ళు తాగుతూ ఆగండి, తర్వాత జయమహల్ రోడ్డు వైపు కాస్త నడిచి బండి పిలవండి. తుమకూరు రోడ్డులో మాదావర దగ్గర నైస్ గ్రౌండ్స్‌లో షో అయితే పని తేలిక, 2024 నవంబరు నుంచి అక్కడికి మెట్రో ఉంది. చివరి రైలు టైము మాత్రం ముందే చూసుకోండి.

ఒక్కటి మాత్రం గట్టిగా చెప్తాను. నీళ్ళు నిలిచిన అండర్‌పాస్‌లోకి ఏ బండీ దిగనివ్వకండి. 2023 మే 21న, ఇదే నెల, ఇలాంటి సాయంత్రపు వానకే, కె.ఆర్. సర్కిల్ అండర్‌పాస్‌లో కారు మునిగి మన ఆంధ్ర అమ్మాయి ప్రాణం పోయింది. డ్రైవర్ పోతుందిలే సార్ అన్నా సరే, దిగి నడవండి. నడిచేటప్పుడు మూతలు లేవిపోయిన కాలువలు ఉంటాయి, నీళ్ళలో అడుగు పెట్టకుండా రోడ్డు ఎత్తుగా ఉన్న చోట నడవండి. కాళ్ళకి గీతలు పడి ఉంటే ఇంటికి రాగానే సబ్బుతో కడగండి. ఎలుకల మూత్రం కలిసిన నీళ్ళ వల్ల లెప్టోస్పైరోసిస్ వస్తుంది. తర్వాతి రెండు మూడు వారాల్లో జ్వరం, ఒళ్ళునొప్పులు వస్తే వాన నీళ్ళలో నడిచానని డాక్టరుకి చెప్పండి.

చెన్నై వెళ్ళే ఆలోచన ఉన్నవాళ్ళు ఇక్కడ చదువుతుంటే వాళ్ళకో మాట. అక్కడ అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల కాలం. వాయుగుండం సంగతి రెండు మూడు రోజుల ముందే తెలుస్తుంది, రైలు టికెట్ దానికి తగ్గట్టు వాయిదా వేసుకోవచ్చు. ఇబ్బంది ఆగస్టు, సెప్టెంబరు సాయంత్రాల ఉరుముల వానతోనే. 2023 ఆగస్టు 12న జరగాల్సిన ఎ.ఆర్. రెహమాన్ షో వాన వల్లే ఆగి, సెప్టెంబరు 10న ఈసీఆర్ (ఈస్ట్ కోస్ట్ రోడ్డు) మీద పనైయూరులో జరిగింది. ఆ రోజు రద్దీకి టికెట్ ఉన్నవాళ్ళు కూడా చాలామంది లోపలికి పోలేకపోయారు. వాయిదా పడిన షోకి మామూలు కన్నా ముందే చేరుకోవాలని నేను చెప్పేది అందుకే. చెన్నై ఉక్కలో పోంచో లోపల చెమటతో తడిసిపోతారు, వాన పడుతున్నా నీళ్ళు తాగడం మానకండి.

ఇన్ని జాగ్రత్తలు చెప్పాక భయం వేసి ఉంటుంది. మీరు ఎందుకు వెళ్ళాలో కూడా చెప్తాను. ప్యాలెస్ గ్రౌండ్స్ మన దేశంలో రాక్ వినేవాళ్ళకి పెద్ద చోటు. 2007 మార్చి 17న ఐరన్ మెయిడెన్, 2011 అక్టోబరు 30న మెటాలికా అనే పేరుమోసిన రాక్ బృందాలు ఆడింది అక్కడే. వాన వెలిసిన గంటకి అక్కడ నిలబడి వినండి. గాలిలో దుమ్ము ఉండదు. పొడిగాలి పై స్థాయి శబ్దాలని ఎక్కువగా మింగేస్తుంది, తేమగాలి అంతగా మింగదు. అందుకే డ్రమ్స్ పక్కన సింబల్స్ (కర్రతో కొట్టే లోహపు పళ్ళాలు) మోగితే వెనక వరుసలో కూడా చివరి కంపనం దాకా వినపడుతుంది. తడిసి ముద్దయినా నిలబడినవాళ్ళే మిగులుతారు, వాళ్ళు పాడినట్టు పొడి రోజున జనం పాడరు. స్టేజీ మీద ఉన్నవాళ్ళకీ అది తెలుస్తుంది. నేను ఈ సంగీతాన్ని ప్రేమించడానికి సగం కారణం అలాంటి రాత్రులే.

అమ్మగారికి జాగ్రత్తగా ఉంటామని చెప్తే సరిపోదు, వివరం చెప్పండి: ఏ గేటు, ఎన్నింటికి అయిపోతుంది, దేంట్లో వస్తాం, ఏది జరిగితే మధ్యలో వచ్చేస్తాం. నెట్ ఉండకపోవచ్చు, ఫోన్ కలవకపోతే కంగారు పడొద్దు, పదిన్నర తర్వాత చేస్తాం అని కూడా చెప్పండి. ఆ టైముకి చేయండి.

డబ్బు విషయం. చాలా టికెట్ల షరతుల్లో వాన పడినా షో ఉంటుంది, డబ్బు వెనక్కి రాదు అని రాసి ఉంటుంది. అంటే మీరు వానకి భయపడి మానేస్తే ఏమీ రాదు. నిర్వాహకులే వాయిదా వేస్తే సాధారణంగా అదే టికెట్ కొత్త తేదీకి చెల్లుతుంది. ఆ తేదీకి రాలేనివాళ్ళకి వాపసు ఇస్తారా, ఎన్ని రోజుల్లో అడగాలి అన్నది షరతుల్లో చూడండి. పూర్తిగా రద్దయితే వాపసు అడగండి, టికెట్ అమ్మిన యాప్ తీసుకునే కన్వీనియన్స్ ఫీజు తరచుగా పోతుంది. సగంలో ఆగితేనే పేచీ, కొన్ని పాటలు ఆడాం కాబట్టి షో అయినట్టే అంటారు. టికెట్, రిస్ట్‌బ్యాండ్, ఎన్నింటికి ఆగిందో తెలిసేలా ఒక చిన్న వీడియో, వాళ్ళ నుంచి వచ్చిన మెయిళ్ళు దాచుకోండి. ముందు నిర్వాహకులకి రాతపూర్వకంగా అడగండి, జవాబు రాకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయండి. తెలుగులోనే మాట్లాడొచ్చు.